కాలేజీలో ఆడనివాడు డిఫెన్స్ కోచ్ కాగలడా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీంలో సేఫ్టీగా, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడిగా, ఆడాడు. యూనివర్సిటీ టీంలో మాత్రం చోటు రాలేదు. ఇప్పుడు కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ కోచ్ అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడడం మానేశారు. దీనికేమైనా సర్టిఫికెట్ కోర్సు ఉందా? కాలేజీలో ఆడనివాణ్ని కోచ్‌గా పెట్టుకుంటారా? ఎన్నేళ్లకు స్థిరపడతాడు? ఊళ్లు మారుతూ ఉండే ఉద్యోగం అంటున్నారు, మరి పెళ్లీ సంసారమూ ఎలా? — ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నల్లో బరువైనది రెండోది. దానితోనే మొదలుపెడతాం. పెట్టుకుంటారు. మైక్ మెక్‌డొనాల్డ్ జార్జియా యూనివర్సిటీలో ఫైనాన్స్ చదివారు. కాలేజీ టీంలో ఆడలేదు. చదువుకుంటూనే అదే ఊళ్లో, అంటే ఏథెన్స్‌లో, సీడార్ షోల్స్ హైస్కూల్ పిల్లలకు కోచింగ్ ఇచ్చారు. తర్వాత జార్జియా టీంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరారు. 2014లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) టీం బాల్టిమోర్ రేవెన్స్‌లో ఇంటర్న్. 2021లో మిషిగాన్ యూనివర్సిటీకి డిఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే డిఫెన్స్ మొత్తానికి పెద్ద. 2024లో సియాటెల్ సీహాక్స్‌కు హెడ్ కోచ్. ఇక మన పేర్లకూ మన మొహాలకూ ఆ లోకంలో చోటుండదని ఎవరైనా అంటే, భారతీయ మూలాలున్న సంజయ్ లాల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి రిసీవర్ల కోచ్‌గా ఉన్నారని చెప్పండి. మీ ఫ్రిస్కోలోనే ఆఫీసు ఉన్న డాలస్ కౌబాయ్స్‌లోనూ ఆయన పనిచేశారు.

అయితే ఒక మాట. కాలేజీలో ఆడినవాడికి పాత కోచ్ ఒక ఫోన్ చేస్తే మొదటి అవకాశం దొరుకుతుంది. మీవాడికి ఆ ఫోన్ చేసేవాళ్లు లేరు. చేసిన పని చూపించి ఆ చోటు సంపాదించుకోవాలి.

సర్టిఫికెట్ కోర్సు గురించి. కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్ కావడానికి అకాడమీ ముద్ర ఏదీ అవసరం లేదు. డబ్బు కట్టించుకుని అరచేతిలో వైకుంఠం చూపించే ఆన్‌లైన్ కోర్సుల జోలికి పోవద్దు. నిజంగా కావలసిన కాగితం ఒక్కటే, బ్యాచిలర్ డిగ్రీ. అది లేకపోతే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉద్యోగానికి దారి మూసుకుపోతుంది. కాబట్టి కోచింగ్ కోసం చదువు ఆపేస్తానంటే ఒప్పుకోకండి. కంప్యూటర్ సైన్స్ వదిలేసి వేరే సబ్జెక్టుకు మారాల్సిన పనీ లేదు. ఆ చదువు ఇక్కడ ఎలా పనికొస్తుందో కింద చెబుతాం.

ఈ వృత్తిలో మెట్లు ఇలా ఉంటాయి. చదువుకునేటప్పుడు టీంలో స్టూడెంట్ మేనేజరో, వీడియో విభాగంలో సహాయకుడో. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు. మాస్టర్స్ చదువుతూ టీంకు పనిచేయాలి. సాధారణంగా ఫీజు యూనివర్సిటీ చూసుకుంటుంది, గదికీ తిండికీ సరిపోయేంత ఇస్తుంది. తర్వాత అనలిస్ట్, లేదా క్వాలిటీ కంట్రోల్, అంటే వీడియోలు పరిశీలించి కోచ్‌లకు అందించేవాళ్లు. ఆ పైన పొజిషన్ కోచ్, అంటే డిఫెన్స్‌లో ఒక స్థానం వాళ్లకు, లైన్‌బ్యాకర్లకో కార్నర్లూ సేఫ్టీలకో గురువు. ఆ పైన డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ప్రతి స్నాప్‌కు (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందు డిఫెన్స్ ఏం ఆడాలో చెప్పేది ఆయనే.

ఈ మెట్లన్నీ పేరున్న యూనివర్సిటీలోనే ఎక్కాలనుకోవడం కుర్రాళ్లు చేసే మొదటి తప్పు. 2024 జూన్‌లో ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ, నియమం మార్చింది. ఇప్పుడు పెద్ద టీముల్లో అనలిస్టులు కూడా మైదానంలో ఆటగాళ్లకు నేర్పొచ్చు. దాంతో అక్కడ చేరితే చాలనే ఆశ పెరిగింది. కానీ బయటికి వెళ్లి ఆటగాళ్లను ఎంపిక చేసే హక్కు ఇప్పటికీ హెడ్ కోచ్‌కూ పది మంది అసిస్టెంట్లకే. అనలిస్టులు ఎక్కువమంది ఉన్న చోట మీవాడు ఎవరికీ గుర్తుండని పదో మనిషి అవుతాడు. డివిజన్ 2, డివిజన్ 3, ఎన్‌ఏఐఏ అనే కింది స్థాయుల చిన్న కాలేజీల్లో జీతం తక్కువ. మైదానానికి గీతలు వేయడం, జెర్సీలు ఉతికించడం కూడా కోచ్ మెడకే చుట్టుకుంటాయి. కానీ ఒక పొజిషన్ మొత్తం అతని చేతిలో ఉంటుంది. పన్నెండు మంది కుర్రాళ్లు గెలిచినా ఓడినా అతనిదే బాధ్యత. మా సలహా ఆ చిన్న కాలేజీయే.

కిర్బీ స్మార్ట్ దారి చూడండి. జార్జియాలో సేఫ్టీగా ఆడారు. 2000లో వాల్డోస్టా స్టేట్ అనే డివిజన్ 2 కాలేజీకి వెళ్లి, 2001లో అక్కడే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మరుసటేడు ఆ పదవి వదిలి ఫ్లోరిడా స్టేట్‌లో జీఏగా చేరారు. మూడు మెట్లు దిగినట్టే. 2004లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ). వాల్డోస్టాలో ఆయనతో కలిసి పనిచేసిన విల్ మస్‌చాంప్ అప్పటికి ఎల్‌ఎస్‌యూలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్, హెడ్ కోచ్ నిక్ సేబన్. ఆ సేబన్ దగ్గరికే 2006లో మయామీ డాల్ఫిన్స్‌కు, ఆయనతోనే 2007లో అలబామాకు వెళ్లారు. 2016లో జార్జియా హెడ్ కోచ్ అయ్యారు. 2021, 2022 సీజన్లలో దేశానికే చాంపియన్లు. ఈ వృత్తిలో మనుషులే నిచ్చెన. ఏ యూనివర్సిటీ అన్నదానికంటే ఎవరి కింద పని అన్నది ముందు చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పని. ఇది టీవీలో కనిపించదు. మీవాడికి ఇది ఇష్టమో కాదో ఈ ఏడాదే తేల్చుకోవాలి కాబట్టి వివరంగా చెబుతాం.

మొదటి రెండు మూడేళ్లు ఎక్కువ భాగం ప్రత్యర్థి వీడియోను ముక్కలు చేయడమే. వచ్చే వారం ఆడబోయే టీం గత నాలుగు మ్యాచ్‌లు తీసుకుంటే, మ్యాచ్‌కు 65, 70 చొప్పున 260 నుంచి 280 ఆటలు వస్తాయి (బంతి కదిలి ఆగేదాకా ఒక ఆట). ఒక్కోదాన్నీ సైడ్‌లైన్ కెమెరాలో ఒకసారి, ఎండ్‌జోన్ కెమెరాలో ఒకసారి చూసి పట్టికలో నింపాలి: ఎన్నో డౌన్ (పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు అవకాశాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ గీత దగ్గర, ఏ హ్యాష్ (మైదానం మీది చిన్న గీతల వరుస) మీద, ఎవరెవరు మైదానంలోకి వచ్చారు, ఎలా నిలబడ్డారు, స్నాప్‌కు ముందు ఎవరు కదిలారు, పరుగా పాసా, ఎన్ని గజాలొచ్చాయి. మనుషులను రెండంకెల్లో రాస్తారు. 11 అంటే ఒక రన్నింగ్‌బ్యాక్, ఒక టైట్ ఎండ్, మిగిలిన ముగ్గురు రిసీవర్లు. 12 అంటే ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు.

ఇక్కడ జరిగే తప్పులు తెలిసినవే. ఫార్మేషన్ (ఆటగాళ్ల అమరిక) కుడా ఎడమా అన్నది ఆఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు, వైపు నుంచి చూసి రాయాలి. రాత్రి పదకొండింటికి కళ్లు మూతలు పడుతున్నప్పుడు డిఫెన్స్ వైపు నుంచి రాసేస్తారు. ఇరవై ఆటలు అలా తిరగబడితే నివేదిక మొత్తం అబద్ధం చెబుతుంది. రెండోది, 35 పాయింట్ల తేడాతో గెలుస్తూ చివర్లో ఆడిన ఆటలనూ, గడియారంతో పోటీపడే ఆఖరి రెండు నిమిషాల ఆటలనూ మామూలు ఆటలతో కలిపేయడం. మూడోది లెక్కల చదువున్నవాళ్లు కూడా చేసేది. మూడో డౌన్‌లో ఏడు నుంచి పది గజాలు కావలసిన సందర్భాలు నాలుగు మ్యాచ్‌ల్లో పన్నెండో పదిహేనో దొరుకుతాయి. దాన్ని హ్యాష్ ప్రకారం, ఫార్మేషన్ ప్రకారం విడదీస్తే ఒక గడిలో ఐదు మిగులుతాయి. ఐదిట్లో నాలుగు కుడివైపు వెళ్తే ‘80 శాతం కుడివైపే’ అని రాసి కోఆర్డినేటర్ బల్ల మీద పెడతారు. ఆయన దాన్ని నమ్మి ఆ వైపు బ్లిట్జ్, అంటే అదనపు మనుషులతో దాడి, పంపితే, ఎడమవైపు టచ్‌డౌన్. శాతం పక్కనే మొత్తం ఎన్ని ఆటల్లో అన్నది రాసే అలవాటు కుర్రాణ్ని ఇట్టే నలుగురిలో నిలబెడుతుంది. కంప్యూటర్ సైన్స్ పనికొచ్చేది ఇక్కడే.

రెండో పని స్కౌట్ కార్డులు. ప్రాక్టీసులో మన డిఫెన్స్‌కు ఎదురుగా మన టీంలోని రెండో వరుస కుర్రాళ్లే ప్రత్యర్థి ఆఫెన్స్‌లా నటించాలి. వాళ్లకు చూపించడానికి ఒక్కో ఆటకు ఒక్కో బొమ్మ. ఆఫెన్స్ కింద, డిఫెన్స్ పైన, లావు మార్కరుతో, పది అడుగుల దూరం నుంచి కనిపించేలా. ఎవరు ఎవర్ని అడ్డుకోవాలి, ఏ రిసీవర్ ఎన్ని గజాల దగ్గర మలుపు తిరగాలి, అన్నీ అందులో ఉండాలి. ప్లాస్టిక్ కవర్లలో, ప్రాక్టీసు వరుస ప్రకారం. ఒక ప్రాక్టీసుకు అరవై డెబ్బై కార్డులు పట్టొచ్చు.

ఈ కార్డు మీద తరచూ మర్చిపోయేది హ్యాష్. దాని విలువ అర్థం కావాలంటే మైదానం కొలతలు చూడాలి. వెడల్పు 160 అడుగులు. పొడవునా రెండు వరుసల చిన్న గీతలుంటాయి, అవే హ్యాష్‌మార్కులు. కాలేజీలో ఆ రెండు వరుసల మధ్య 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. అంటే కాలేజీ ఆటలో బంతి కుడి హ్యాష్ మీద ఉంటే కుడివైపు 60 అడుగులు, ఎడమవైపు 100 అడుగులు. డిఫెన్స్ అమరిక అంతా ఈ ఇరుకు వైపు, వెడల్పు వైపు లెక్క మీదే ఉంటుంది. వెడల్పు వైపు వేగమున్నవాణ్ని పెడతారు, ఇరుకు వైపు పరుగును అడ్డుకునే బలమున్నవాణ్ని. కార్డు మీద హ్యాష్ రాయకపోతే స్కౌట్ టీం బంతిని నడిమధ్య పెట్టుకుంటుంది. అప్పుడు సేఫ్టీ మంగళవారం, బుధవారం 80 అడుగుల వైపు కాపలా నేర్చుకుంటాడు. శనివారం అదే ఆట 100 అడుగుల వైపు వస్తుంది. ఇరవై అడుగుల ఖాళీ ఎక్కణ్నుంచి వచ్చిందో అతనికి అర్థం కాదు. తప్పు అతనిది కాదు, కార్డు గీసినవాడిది.

మూడోది నేర్పడం, అన్నిటికంటే కష్టమైనది. యాభై రకాల బ్లిట్జులు బోర్డు మీద గీయగల కుర్రాళ్లు చాలామంది దొరుకుతారు. ఎనిమిది మంది సేఫ్టీలనిచ్చి ఐదు నిమిషాల డ్రిల్ నడపమంటే తడబడతారు. లెక్క చూడండి. ఒక్కో ప్రయత్నానికి 15 సెకన్లు పడితే ఐదు నిమిషాల్లో ఇరవై. అందర్నీ ఒకే వరుసలో నిలబెట్టి ఒక్కొక్కర్నీ పిలిస్తే, ఒక్కొక్కరికి రెండు మూడు సార్లకు మించి రాదు. ఇద్దరిద్దర్ని జతగా వదిలితే ఐదేసి సార్లు. మధ్యలో ఒకడి తప్పు మీద నిమిషంన్నర ఉపన్యాసం ఇస్తే మూడో వంతు పోయినట్టే. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్‌లో ఆటగాళ్ల సమయం వారానికి 20 గంటలే, రోజుకు నాలుగు గంటలకు మించకూడదు. వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. కోచ్ పనిగంటలకు అలాంటి హద్దేమీ లేదు. రాత్రంతా కూర్చుని కనిపెట్టిన పది కొత్త ఎత్తుల్లో, ఆ ఇరవై గంటల్లో పిల్లల కాళ్లకు ఎక్కేవి రెండే. మిగతా ఎనిమిదీ చించేయగలగాలి.

ఉదాహరణకు ఆర్‌పీఓ, అంటే పరుగా పాసా అన్నది ఆట మొదలయ్యాక తేల్చుకునే ఎత్తు. క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) బంతిని బ్యాక్ చేతిలో పెట్టబోతూ ఒక లైన్‌బ్యాకర్ కదలిక చూస్తాడు. అతను ముందుకొస్తే వెనక ఖాళీలోకి పాస్, ఆగిపోతే పరుగు. కాలేజీ నియమాల్లో పాస్ వదిలేలోపు లైన్‌మన్ (ఆఫెన్స్ ముందు వరుసలో అడ్డుకునేవాడు) మూడు గజాల దాకా ముందుకు రావొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. లైన్‌మన్ మీదకొస్తుంటే లైన్‌బ్యాకర్‌కు అది పరుగులాగే కనిపిస్తుంది. పాపం అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతకాని కోచ్ ‘రెండూ చూసుకో’ అంటాడు. మంచి కోచ్ ఒక పనిని అతని మీంచి తీసేస్తాడు. పరుగు బాధ్యత పై నుంచి వచ్చే సేఫ్టీకి అప్పగించి, ‘నువ్వు పాస్ దారిలో నిలబడు చాలు’ అంటాడు. టెక్సాస్ హైస్కూళ్లు కూడా ఎన్‌సీఏఏ నియమాలతోనే ఆడతాయి కాబట్టి ఈ బాధ మీవాడికి సేఫ్టీగా తెలిసే ఉంటుంది. వాళ్ల నాన్నగారిని కూర్చోబెట్టి కాగితం మీద ఇదొక్కటి పదిహేను నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పమనండి. ఆట తెలియనివాళ్లకు చెప్పగలిగితే నేర్పే గుణం ఉన్నట్టు. మాటలు లేని ఇంట్లో మాట కలవడానికీ అదొక దారి.

ఇక స్థిరపడడం. నిజం చెప్పాలంటే మీరనుకునే అర్థంలో ఈ ఉద్యోగంలో అది లేదు. హెడ్ కోచ్‌ను తీసేస్తే కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. పాత అసిస్టెంట్లు ఎంత బాగా పనిచేసినా చాలామంది సామాను సర్దుకోవాల్సిందే. జిమ్ నోల్స్‌ను చూడండి. కోర్నెల్‌లో చదివి, కొంతకాలం వాల్ స్ట్రీట్‌లో పనిచేసి, కోచింగ్‌లోకి వచ్చారు. డ్యూక్, ఓక్లహోమా స్టేట్ దాటి ఓహైయో స్టేట్ డిఫెన్స్‌ను నడిపించి, 2025 జనవరిలో జాతీయ చాంపియన్‌షిప్ గెలిచారు. వెంటనే పెన్ స్టేట్ ఏడాదికి 30 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకుంది. అదే అక్టోబర్‌లో అక్కడి హెడ్ కోచ్‌ను తొలగించారు. మరోవైపు బడ్ ఫాస్టర్ 1987లో వర్జీనియా టెక్‌కు వచ్చి, 1995 నుంచి 2019 దాకా అక్కడే డిఫెన్స్ నడిపారు. ఫిల్ పార్కర్ 1999 నుంచి అయోవాలోనే ఉన్నారు. రెండు చోట్లా హెడ్ కోచ్ దశాబ్దాలు మారలేదు. ఉద్యోగం ఒప్పుకునే ముందు హెడ్ కోచ్ కాంట్రాక్టు ఎన్నేళ్లు మిగిలి ఉంది, గత రెండేళ్లు ఎన్ని గెలిచారు అన్నది విచారించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల కోచ్‌ల జీతాలూ కాంట్రాక్టులూ చాలావరకు బహిరంగంగానే దొరుకుతాయి.

డబ్బు విషయంలో మా అంచనా: డిగ్రీ తర్వాత ఐదు నుంచి ఏడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతంలో సగం కూడా రాదనుకుని సిద్ధపడండి. మీరు చేయగల పెద్ద సాయం వాడి నెత్తిన చదువు అప్పు లేకుండా చూడడం, నడిచే కారు ఒకటి ఇవ్వడం. అప్పుంటే మంచి గురువు దగ్గర తక్కువ జీతం పని వదులుకుని, ఎక్కువిచ్చే పనికిరాని చోటికి పోతాడు. ఇంకో దారి కూడా తెరిచి ఉంచండి. టెక్సాస్ ప్రభుత్వ హైస్కూళ్లలో ఫుట్‌బాల్ కోచ్ ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాల ఉద్యోగి అయి ఉండాలి. ఎక్కువమంది పాఠాలు కూడా చెబుతారు. గణితమో కంప్యూటర్ సైన్సో చెప్పే టీచర్ సర్టిఫికెట్ ఉంటే మీవాడికి అక్కడ గిరాకీ ఉంటుంది. చాలా చిన్న కాలేజీల జీతం కంటే ఆ జీతం నయం, ఊరూ మారదు. దాన్ని ఓటమిగా ఎవరూ చూడకూడదు. అక్కణ్నుంచి కాలేజీకి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

పెళ్లి మాట. వచ్చే అమ్మాయికి ఈ క్యాలెండర్ ముందే చూపించండి. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా సీజన్, కాబట్టి దసరా, దీపావళి లేవు. 2026లో ఆటగాళ్లు టీములు మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గడువు జనవరి 2 నుంచి 16. సంక్రాంతి సరిగ్గా అందులో పడింది. ఆ రోజుల్లో ఇంటికి రమ్మని పట్టుబట్టకండి. వసంతంలో ప్రాక్టీసులు, మే నెలంతా హైస్కూళ్ల చుట్టూ తిరుగుడు. కాస్త ఊపిరి పీల్చుకునేది జూన్ ఆఖరు నుంచి జూలై వరకు. మనకది చాలా ఏళ్లు ఆషాఢంతో కలుస్తుంది. కాబట్టి ముహూర్తం విషయంలో పురోహితుడితో పాటు హెడ్ కోచ్‌ను కూడా అడగాల్సి వస్తుంది. ఇబ్బందే, కానీ ముందే తెలిస్తే మాట పట్టింపులు రావు.

ఇక మీవాడు ఈ పన్నెండు నెలల్లో చేయాల్సింది. తన యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆఫీసుకు వెళ్లి వీడియో విభాగంలో గానీ స్టూడెంట్ మేనేజర్‌గా గానీ పని అడగాలి, జీతం లేకపోయినా సరే. అది కుదరకపోతే దగ్గరి ప్రైవేటు స్కూళ్ల టీముల్లో సహాయకుడిగా చేరాలి. అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ ఆఫీసు టెక్సాస్‌లోని వేకోలోనే ఉంది. సభ్యత్వం తీసుకుని జనవరిలో జరిగే వాళ్ల మహాసభకు ఒకసారి వెళ్లాలి. అక్కడ ఉద్యోగం అడిగే కుర్రాళ్లు వందల్లో ఉంటారు. చేతిలో రెజ్యూమే కాకుండా పని ఉండాలి.

ఆ పని ఇది. తన యూనివర్సిటీ వచ్చే సీజన్‌లో ఆడబోయే ఒక ప్రత్యర్థిని ఎంచుకుని, టీవీలో వచ్చిన నాలుగు మ్యాచ్‌లు పైన చెప్పిన పద్ధతిలో పట్టిక చేసి, మూడో డౌన్ గురించి రెండే పేజీల నివేదిక రాయాలి. ప్రతి శాతం పక్కన మొత్తం ఎన్ని ఆటలో ఉండాలి. వెనక ఆరు స్కౌట్ కార్డులు, హ్యాష్‌తో సహా. కాలేజీ టీములకు వసంతంలో ప్రాక్టీసులుంటాయి. వాటికి ముందు, ఫిబ్రవరిలో, చుట్టుపక్కల పది చిన్న కాలేజీల డిఫెన్సివ్ కోఆర్డినేటర్లకు ఐదు వాక్యాల మెయిల్‌తో ఇది పంపి, ఒక్క ప్రాక్టీసు గట్టున నిలబడి చూడనివ్వమని అడగాలి. ఉద్యోగం మాట ఎత్తకూడదు. జవాబు రాకపోతే పది రోజులాగి మరొక్కసారి. మూడోసారి మెయిల్ వద్దు. ఆ కోచ్ మాట్లాడే క్లినిక్ (కోచ్‌ల శిక్షణ సభ) ఎక్కడుందో కనుక్కుని, వెళ్లి ముందు వరుసలో కూర్చుని, అయిపోయాక ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న నివేదికలోని ఒక ఆట గురించే అయి ఉండాలి.